విండోస్ పోకుండా ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేసుకోవడం ఎలా

ఉబుంటు అంటే విండోస్ లాంటిదే, ఉచితంగా దొరికే లినక్స్ రకం ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్). అది ఇన్‌స్టాల్ కావడానికి పట్టేది మహా అయితే అరగంట. దానికి ముందు విండోస్‌లో చేసుకోవాల్సిన పనులకు మాత్రం ఒక పూట పడుతుంది, ఆ పూట ఎగ్గొట్టినవాళ్లే రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "అన్నా, ల్యాప్‌టాప్ ఆన్ అయితలేదు" అంటారు. నా రెండు ల్యాప్‌టాప్‌లు, మా చిన్నాన్న కొడుకుది, అమీర్‌పేట హాస్టల్లో వాడి రూమ్మేట్లవి కలుపుకుని ఓ డజను సార్లు ఈ పని చేసుంటాను. ఉబుంటు వల్ల ఇబ్బంది వచ్చింది తక్కువ. విండోస్‌ను సిద్ధం చేయకుండా దిగడం వల్ల వచ్చిందే ఎక్కువ. అందుకే కింద సగానికి పైగా విండోస్ గోలే ఉంటుంది, విసుక్కోకండి.

అసలు మీకు ఇది కావాలా అన్నది ముందు చూసుకోండి. మైత్రీవనం దగ్గర ఏదో డెవాప్స్ కోర్సులో చేరారు, లినక్స్ కమాండ్లు ప్రాక్టీస్ చేయాలి, అంతే అయితే డ్యూయల్ బూట్, అంటే ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు ఓఎస్‌లు, అక్కర్లేదు. విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ వేసుకుంటే కమాండ్లు కొట్టే టెర్మినల్ వచ్చేస్తుంది, డిస్క్ ముట్టుకునే పనే లేదు. రోజూ లినక్స్ మీదే పని చేయాలి, లేదా గ్రాఫిక్స్ కార్డు మొత్తం బలంతో వాడుకోవాలి, లేదా పాత ల్యాప్‌టాప్ విండోస్ కింద మూలుగుతోంది అంటే అప్పుడు ఇది పనికొస్తుంది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేని పాత మెషీన్లకు విండోస్ 11 అధికారికంగా రాదు, కాబట్టి అలాంటివాటిలో బ్రౌజింగ్, బ్యాంకు పనులు ఉబుంటులో చేసుకుని పాత సాఫ్ట్‌వేర్ కోసం మాత్రమే విండోస్‌లోకి వెళ్లడం తెలివైన పని.

"మరి విండోస్ పీకేస్తే పోలా?" అంటారా, ఇంట్లో ఒకసారి అడిగి చూడండి. నాన్నకు ట్యాలీ కావాలి, టెండర్లు వేసే మామయ్యకు డిజిటల్ సిగ్నేచర్ డాంగిల్ కావాలి, డీటీపీ చేసేవాళ్లకు పేజ్‌మేకర్, అను ఫాంట్లు కావాలి. ఇవన్నీ లినక్స్‌లో నడిపించడానికి తిప్పలు పడేకంటే విండోస్‌ను ఒక మూల ఉంచుకోవడమే సుఖం.

ముందు బ్యాకప్

ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి ముఖ్యమైనవన్నీ కాపీ చేయండి. డి డ్రైవ్‌లో పెట్టాను కదా అంటే అది బ్యాకప్ కాదు, సి, డి రెండూ ఒకే డిస్క్ మీద గీసిన గీతలు, డిస్క్ తుడిచేస్తే రెండూ పోతాయి. కాపీ అయ్యాక ఆ హార్డ్ డిస్క్‌ను ల్యాప్‌టాప్ నుంచి పీకి పక్కన పెట్టండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అది తగిలించి ఉంటే, పొరపాటున దాన్నే ఫార్మాట్ చేసే అవకాశం ఉంది.

బిట్‌లాకర్ తాళం చెవి ఎవరి దగ్గరుంది?

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే నేను ఘోరంగా ఇరుక్కున్నది ఇక్కడే. ఈమధ్య కొన్న విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి బిట్‌లాకర్, అంటే డిస్క్‌కు తాళం వేసే ఎన్‌క్రిప్షన్, మనం అడక్కుండానే ఆన్ అయి ఉంటుంది, హోమ్ ఎడిషన్‌లో కూడా. దాని తాళం చెవి ఆ టీపీఎం చిప్‌లో ఉంటుంది. బయోస్‌లో (విండోస్ కంటే ముందు లేచే ల్యాప్‌టాప్ సొంత సెట్టింగ్స్) సెక్యూర్ బూట్ (నమ్మకమైన ఓఎస్‌ను మాత్రమే లేవనిచ్చే కాపలా) లాంటిది మార్చినా, ఏది ముందు లేవాలన్న బూట్ క్రమం మార్చినా ఆ చిప్‌కు అనుమానం వస్తుంది, ఎవరో డిస్క్ మీద చెయ్యి వేస్తున్నారని తాళం చెవి ఇవ్వడం మానేస్తుంది. అప్పుడు నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే మీ ఫైళ్లు మీవి కావు, అంతే సంగతి.

ఆ కీ మామూలుగా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయి ఉంటుంది. మా తమ్ముడి ల్యాప్‌టాప్‌కు ఆ నీలం తెర వచ్చినప్పుడు నేను ధీమాగా వాడి అకౌంట్ తెరిచాను, అందులో ఏ కీ లేదు. అరగంట బుర్ర గోక్కున్నాక గుర్తొచ్చింది: కొన్నరోజు షాపులో కుర్రాడు "సార్, నేను సెటప్ చేసిస్తా" అని తన అకౌంట్‌తో లాగిన్ అయ్యి చేసిచ్చాడు. కీ పోయి వాడి అకౌంట్‌లో కూర్చుంది! మర్నాడు మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగి, ఆ షాపు వెతుక్కుంటూ పోయి, ఆ కుర్రాడు ఇంకా అక్కడే పనిచేస్తున్నందుకు దేవుడికి దండం పెట్టుకుని, వాడి ఫోన్‌లోంచి 48 అంకెలు కాగితం మీద రాసుకుని వచ్చాం.

మీరు ఆ తిరుగుడు తిరగకుండా ఇప్పుడే ఇలా చేయండి. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో డివైస్ ఎన్‌క్రిప్షన్ తెరవండి. ప్రో ఎడిషన్ అయితే కంట్రోల్ ప్యానెల్‌లో బిట్‌లాకర్ అని ఉంటుంది. ఆన్‌లో ఉంటే, మొదట మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో రికవరీ కీ కనిపిస్తోందో లేదో చూసి, కాగితం మీద రాసుకుని, ఫోన్‌లో ఫోటో కూడా తీసుకోండి. ఆ తర్వాత ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేయండి. డిస్క్ సైజును బట్టి డీక్రిప్ట్ అవడానికి చాలాసేపు పట్టొచ్చు, చార్జర్ పెట్టి వదిలేసి భోజనం చేసి రండి. ఆన్‌లోనే ఉంచి కూడా డ్యూయల్ బూట్ చేసుకోవచ్చు కానీ మొదటిసారి చేసేవాళ్లకు నేను చెప్పను.

ఫాస్ట్ స్టార్టప్ ఆపడం

ఇది చిన్న పనే. విండోస్‌లో షట్‌డౌన్ కొడితే అది నిజంగా పూర్తిగా ఆగదు, సగం నిద్రపోతుంది, మళ్లీ త్వరగా లేవడానికి. ఆ స్థితిలో ఉబుంటులోంచి సి డ్రైవ్ తెరిస్తే చదవడానికి మాత్రమే ఇస్తుంది, ఏమీ రాయనివ్వదు. బలవంతం చేసి రాస్తే ఫైళ్లు పాడవుతాయి. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే లింకు, అక్కడ పైన "ప్రస్తుతం అందుబాటులో లేని సెట్టింగ్స్ మార్చు" అన్న అర్థం వచ్చే లింకు నొక్కితే కింద ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేయనిస్తుంది. తీసేసి సేవ్ చేయండి.

పనిలో పనిగా స్టార్ట్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెతికి తెరిచి, బయోస్ మోడ్ ఎదురుగా యూఈఎఫ్ఐ (ల్యాప్‌టాప్ లేచే కొత్త పద్ధతి) అని ఉందా, లెగసీ (పాత పద్ధతి) అని ఉందా చూడండి. విండోస్ యూఈఎఫ్ఐలో ఉంటే ఉబుంటును కూడా యూఈఎఫ్ఐలోనే వేయాలి. చెరొక దారిలో వేస్తే ఒకటి కనిపించినప్పుడు ఇంకోటి కనిపించదు. గత పదేళ్లలో కొన్న ల్యాప్‌టాప్ అయితే దాదాపు అన్నీ యూఈఎఫ్ఐయే. మీది లెగసీ అని చూపిస్తే కింద చెప్పిన కొన్ని విషయాలు మీకు వర్తించవు, అక్కడే ఆగి తెలిసినవాళ్లతో చేయించుకోండి.

చోటు చేయడం

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. సి డ్రైవ్ మీద రైట్ క్లిక్, ష్రింక్ వాల్యూమ్. ఎంత తగ్గించాలో ఎంబీల్లో అడుగుతుంది. 80 జీబీ కావాలంటే 81920 అని కొట్టాలి, 80000 కాదు. ఉబుంటు వాళ్లు కనీసం 25 జీబీ అంటారు, ఆ లెక్కన వేస్తే నాలుగు నెలల్లో నిండిపోతుంది. కోడింగ్ చేసేవాళ్లయితే 80, డాకర్ లాంటివి వాడితే 120 అయినా ఇవ్వండి. ష్రింక్ చేశాక నల్ల గీతతో "అన్‌అలొకేటెడ్" అని ఒక ఖాళీ ముక్క కనిపిస్తుంది. దాన్ని అలాగే వదిలేయండి. చాలామంది ఉత్సాహంగా దానికి "E డ్రైవ్" అని పేరు పెట్టి ఫార్మాట్ చేసేస్తారు. అక్కర్లేదు, ఆ ఖాళీయే మనకు కావాల్సింది.

సి డ్రైవ్‌లో 200 జీబీ ఖాళీ ఉన్నా ష్రింక్ చేయడానికి 5 జీబీయే ఇస్తానంటుంది ఒక్కోసారి. కదల్చడానికి వీల్లేని ఫైళ్లు డిస్క్ చివర్లో కూర్చుని ఉంటాయి, అదీ కారణం. హైబర్నేషన్, పేజ్ ఫైల్, సిస్టమ్ రిస్టోర్ మూడింటినీ తాత్కాలికంగా ఆపేసి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నిస్తే మామూలుగా చోటు వస్తుంది. పని అయ్యాక మళ్లీ ఆన్ చేసుకోండి. ష్రింక్ జరుగుతున్నప్పుడు కరెంటు పోతే? ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది కదా అనుకుంటాం, ఐదేళ్ల పాత బ్యాటరీని మాత్రం నమ్మొద్దు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలిదుమారం లేచే వేళ అయితే ఈ పని ఉదయానికి వాయిదా వేయండి.

ఇంకో దారి ఉంది, నాకైతే ఇదే ఎక్కువ ఇష్టం. మీ ల్యాప్‌టాప్‌లో రెండో ఎస్ఎస్‌డీకి స్లాట్ ఉంటే, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లి ఒక చిన్న ఎస్ఎస్‌డీ తెచ్చి వేయించుకుని, ఉబుంటును పూర్తిగా దాని మీదే పెట్టుకోండి. వెళ్లేముందు మీ మోడల్‌కు స్లాట్ ఉందా, ఎన్‌వీఎంఈ పడుతుందా, సాటానా అన్నది కంపెనీ సైట్‌లో చూసుకుని వెళ్లండి, కౌంటర్ దగ్గర నిలబడి అడిగితే ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. రెండు డిస్కులుంటే ష్రింక్ తలనొప్పి ఉండదు, ఒకదాని జోలికి ఒకటి రాదు.

పెన్‌డ్రైవ్

ఉబుంటు సైట్ నుంచి 24.04 ఎల్‌టీఎస్ దించుకోండి. ఆ అంకెలకు అర్థం 2024 ఏప్రిల్‌లో వచ్చిందని. ఎల్‌టీఎస్ కాబట్టి ఐదేళ్లు, అంటే 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ఫైల్ దాదాపు 6 జీబీ ఉంటుంది. హాస్టల్ వైఫైతో రాత్రంతా పడుతుంది, ఇంకెక్కడైనా మంచి నెట్ ఉన్నచోట దించుకుంటే నయం. 8 జీబీ పెన్‌డ్రైవ్ సరిపోతుంది, అందులో ఉన్నదంతా పోతుందని గుర్తుంచుకోండి. రూఫస్ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ తెరిచి, పెన్‌డ్రైవ్ ఎంచుకుని, దించిన ఫైల్ చూపించి, పార్టిషన్ (డిస్క్‌లో ముక్క) స్కీమ్ జీపీటీ, టార్గెట్ యూఈఎఫ్ఐ అని పెట్టి స్టార్ట్ కొట్టండి. మధ్యలో ఐఎస్ఓ మోడా, డీడీ మోడా అని అడిగితే అది సిఫార్సు చేసినదానికే ఓకే అనండి.

తర్వాత ల్యాప్‌టాప్ ఆఫ్ చేసి, పెన్‌డ్రైవ్ పెట్టి, ఆన్ చేసిన వెంటనే బూట్ మెనూ కీ టకటకా నొక్కాలి. డెల్, లెనోవోలకు ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9, ఆసుస్ ల్యాప్‌టాప్‌లకు ఎస్కేప్. ఏసర్‌కు కూడా ఎఫ్12యే, కాకపోతే చాలా మోడళ్లలో ముందు ఎఫ్2తో బయోస్‌లోకి వెళ్లి ఆ మెనూను ఆన్ చేయాలి. సెక్యూర్ బూట్ ఆపేయమని చాలామంది చెబుతారు. ఉబుంటు సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నా బూట్ అవుతుంది, ఆపాల్సిన పని లేదు.

ఇన్‌స్టాల్ చేయకముందు ఒకసారి నడిపి చూడండి

పెన్‌డ్రైవ్ నుంచి లేవగానే "ట్రై ఉబుంటు" అన్న ఆప్షన్ ఇస్తుంది. తొందరపడకుండా అదే ఎంచుకోండి. వైఫై కనెక్ట్ అవుతోందా, సౌండ్ వస్తోందా, టచ్‌ప్యాడ్, కెమెరా పనిచేస్తున్నాయా, స్క్రీన్ వెలుతురు తగ్గుతోందా, అన్నీ చూసుకోండి. ఇంతసేపూ డిస్క్ మీద ఏమీ మారదు. వైఫై పట్టకపోతే కంగారొద్దు, ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది, దాంతో ఇన్‌స్టాల్ చేశాక డ్రైవర్ వేసుకోవచ్చు.

ఇక్కడ ఇంకో చిక్కు రావచ్చు. ఇన్‌స్టాలర్‌కు అసలు మీ డిస్కే కనపడదు. ముఖ్యంగా ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ల్యాప్‌టాప్‌లలో బయోస్‌లో వీఎండీ, లేదా ఆర్ఎస్‌టీ అనేది ఆన్‌లో ఉండటం వల్ల ఇలా అవుతుంది. దాన్ని ఆపాలి, అయితే నేరుగా పోయి ఆపేస్తే విండోస్ నీలం తెర వేసి కూర్చుంటుంది. ముందు విండోస్‌లో సిస్టమ్ కాన్ఫిగరేషన్ తెరిచి, బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్ టిక్కు పెట్టి రీస్టార్ట్ చేసి, అప్పుడు బయోస్‌లో వీఎండీ ఆపి, విండోస్ సేఫ్ మోడ్‌లో లేచాక ఆ టిక్కు తీసేసి మళ్లీ రీస్టార్ట్ చేయండి. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు, అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తుండాలి. ఏదైనా తేడా కొడితే బయోస్‌లో పాత సెట్టింగ్ మళ్లీ పెట్టేస్తే విండోస్ మామూలుగా లేస్తుంది.

అసలు ఇన్‌స్టాల్

భాష, కీబోర్డు, వైఫై అడుగుతుంది, చెప్పండి. థర్డ్ పార్టీ డ్రైవర్లు వేయాలా అంటే టిక్కు పెట్టండి, ఎన్‌విడియా కార్డు ఉన్నవాళ్లు తప్పకుండా పెట్టండి. ఆ తర్వాత వచ్చే పేజీలో మాత్రం మౌస్ మీంచి చెయ్యి తీసి రెండుసార్లు చదవండి. "ఇన్‌స్టాల్ ఉబుంటు అలాంగ్‌సైడ్ విండోస్ బూట్ మేనేజర్" అని ఒకటి ఉంటుంది, దాని దగ్గర్లోనే "ఎరేజ్ డిస్క్" అని ఇంకోటి ఉంటుంది. రెండోది నొక్కితే విండోస్, డి డ్రైవ్, పెళ్లి ఫోటోలు అన్నీ గోవిందా. మొదటిది ఎంచుకుంటే మీరు చేసిన ఖాళీలో అదే సర్దుకుంటుంది. అది కనిపించకపోతే బిట్‌లాకర్ ఇంకా ఆన్‌లో ఉందేమో చూడండి.

నేనైతే మాన్యువల్ ఆప్షన్ తీసుకుంటాను, ఏం జరుగుతోందో కంటికి కనిపిస్తుంది కాబట్టి. ఫ్రీ స్పేస్ అని ఉన్న ముక్కను (సైజు చూసి గుర్తుపట్టండి, మీరు ఇచ్చింది 80 జీబీ అయితే దాదాపు అంతే ఉండాలి) ఎంచుకుని, కొత్త పార్టిషన్ చేసి, రకం ఎక్స్‌ట్4, మౌంట్ పాయింట్ / అని పెట్టండి. అంతే. స్వాప్‌కు (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే చోటు) వేరే పార్టిషన్ అక్కర్లేదు, ఉబుంటు ఒక ఫైల్ చేసుకుంటుంది. ఈఎఫ్ఐ అని ఉన్న చిన్న పార్టిషన్‌ను, చాలా ల్యాప్‌టాప్‌లలో 100 ఎంబీ దగ్గర్లో ఉంటుంది, అస్సలు ఫార్మాట్ చేయొద్దు. విండోస్ లేవడానికి కావాల్సిన ఫైళ్లు అందులోనే ఉన్నాయి, ఉబుంటు కూడా తన ఫైళ్లు పోయి వాటి పక్కనే పెట్టుకుంటుంది.

చివరి పేజీలో ఏయే పార్టిషన్లు మారబోతున్నాయో జాబితా చూపిస్తుంది. అందులో ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ డ్రైవ్‌ల రకం) అన్న మాట ఫార్మాట్ అయ్యేవాటిలో కనిపిస్తే వెనక్కి వెళ్లండి. లేకపోతే ఇన్‌స్టాల్ కొట్టి టీ తాగి రండి.

రీస్టార్ట్ అయినప్పుడు కొందరికి నీలం తెర మీద మోక్ మేనేజ్‌మెంట్ అని వస్తుంది. ఇది బిట్‌లాకర్ తెర కాదు, భయపడకండి. డ్రైవర్ల కోసం ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ అడిగింది కదా, దాని కోసమే. ఎన్‌రోల్ మోక్, కంటిన్యూ, యెస్, ఆ పాస్‌వర్డ్, రీబూట్. అర్థం కాక దాటేస్తే ఎన్‌విడియా డ్రైవర్ పనిచేయదు, అంతకుమించి నష్టం లేదు.

వేసుకున్నాక

ఇప్పుడు ఆన్ చేయగానే గ్రబ్ అనే నల్ల మెనూ వస్తుంది, పైన ఉబుంటు, కింద విండోస్ బూట్ మేనేజర్. విండోస్ కనిపించకపోతే అది పోయినట్టు కాదు, గ్రబ్ వెతకలేదంతే. ఈటీసీలో డిఫాల్ట్ అనే ఫోల్డర్‌లో ఉన్న గ్రబ్ ఫైల్‌లో (/etc/default/grub) ఓఎస్ ప్రోబర్‌ను (మిగతా ఓఎస్‌లను వెతికేది) డిజేబుల్ చేసే లైన్ ముందు # ఉంటే తీసేసి, దాన్ని ఫాల్స్ అని పెట్టి (GRUB_DISABLE_OS_PROBER=false), టెర్మినల్‌లో సుడో అప్‌డేట్-గ్రబ్ (sudo update-grub) కొడితే వచ్చేస్తుంది.

విండోస్‌లోకి వెళ్లగానే గడియారం అయిదున్నర గంటలు వెనక్కి పోయి ఉంటుంది. పొద్దున పదింటికి నాలుగున్నర చూపిస్తుంది. ఉబుంటు ల్యాప్‌టాప్ లోపలి గడియారంలో గ్రీనిచ్ టైమ్ పెడుతుంది, విండోస్ అదే మన టైమ్ అనుకుంటుంది, మధ్యలో తేడా సరిగ్గా మనకూ గ్రీనిచ్‌కూ ఉన్నంత. ఉబుంటు టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌కు సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 అని చేర్చి (timedatectl set-local-rtc 1) కొట్టండి, గొడవ పోతుంది.

తెలుగులో టైప్ చేసేవాళ్లు సెట్టింగ్స్, కీబోర్డ్, ఇన్‌పుట్ సోర్సెస్‌లో తెలుగు కలుపుకోండి, అది ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటున్నవాళ్లు ఐబస్ ఎం17ఎన్ (ibus-m17n) ప్యాకేజీ వేసుకుంటే ఆర్‌టీఎస్ పద్ధతి కూడా వస్తుంది. భాష మార్చడానికి విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కాలి, రెండు ఓఎస్‌లలోనూ అదే, ఇదొక్కటీ హాయి. పోతన, వేమన ఫాంట్లు కావాలంటే ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా (fonts-telu-extra) అనే ప్యాకేజీలో ఉన్నాయి.

విండోస్ పెద్ద అప్‌డేట్ ఏదైనా వచ్చాక గ్రబ్ మాయమై నేరుగా విండోస్ లేచిందంటే, బయోస్‌లోకి వెళ్లి బూట్ ఆర్డర్‌లో ఉబుంటును మళ్లీ పైకి తెస్తే చాలు. 2024 ఆగస్టులో మాత్రం ఇంతకంటే పెద్ద దెబ్బ తగిలింది: విండోస్ సెక్యూరిటీ అప్‌డేట్ ఒకటి వచ్చాక చాలామంది డ్యూయల్ బూట్ ల్యాప్‌టాప్‌లలో లినక్స్ లేవడం మానేసింది, ఎస్‌బ్యాట్ అని ఏదో ఎర్రర్ చూపించింది. అలాంటిది మీకు ఎదురైతే సెక్యూర్ బూట్ తాత్కాలికంగా ఆపి ఉబుంటులోకి వెళ్లి అప్‌డేట్లు వేసుకోండి. అందుకే ఆ ఉబుంటు పెన్‌డ్రైవ్‌ను చెరిపేసి సినిమాలు నింపకుండా ఓ ఏడాది దాచుకోమంటాను.

వద్దనుకుంటే తీసేయడం

ఇది తెలియక దెబ్బతిన్నవాళ్లు చాలామంది. తమ్ముడి రూమ్మేట్ ఒకడు పరీక్షలయ్యాక విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి ఉబుంటు పార్టిషన్‌ను డిలీట్ చేసి పడేశాడు. మళ్లీ ఆన్ చేస్తే నల్ల తెర మీద గ్రబ్ అన్న ఒక్క మాట, పక్కన మిణుకుమిణుకుమనే గీత. రిపేర్ షాపుకు తీసుకుపోతే విండోస్ పోయింది అని చెప్పి మొత్తం ఫార్మాట్ చేసి డబ్బులు తీసుకున్నారు. నిజానికి విండోస్ ఎక్కడికీ పోలేదు. బూట్ మెనూ కీ నొక్కి విండోస్ బూట్ మేనేజర్ ఎంచుకుంటే లేచేది.

కాబట్టి వరస ఇది. ముందు బయోస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ను పైకి తెచ్చి, విండోస్ నేరుగా లేస్తోందని రెండుసార్లు చూసుకోండి. ఉబుంటు హోమ్ ఫోల్డర్‌లో మీవేమైనా ఉంటే కాపీ చేసుకోండి. అప్పుడు డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఉబుంటు పార్టిషన్ ఒక్కటే డిలీట్ చేసి, పక్కనున్న సి డ్రైవ్ మీద రైట్ క్లిక్ కొట్టి ఎక్స్‌టెండ్ వాల్యూమ్ అనండి, మీ 80 జీబీ మీకు తిరిగొస్తుంది. మొదట్లో ఎన్‌క్రిప్షన్ ఆపాం కదా, అది కూడా మళ్లీ ఆన్ చేసుకోండి, ఈసారి కీ మీ సొంత అకౌంట్‌లోకే వెళ్లిందో లేదో చూసుకుని.